అరకు ఘాట్ ఎక్కబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "ఒక్కతే సైకిల్ మీద అరకు పోతానంటోంది, నువ్వయినా చెప్పు అన్నయ్యా" అని. చెప్తానన్నాను, వద్దని చెప్తానని మాత్రం అనలేదు. ఆ ఘాట్ నేను ఎన్నిసార్లు ఎక్కానో తెలిసి కూడా నాకే చేసింది చూడు, పిచ్చిది.

విశాఖ నుంచి మాత్రం మొదలుపెట్టకు. అక్కడి నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, అందులో సగం దాకా ట్రాఫిక్, దుమ్ము, ఎండ. అదంతా తొక్కి కొండ కిందికి వచ్చేసరికి కాళ్లలో ఏమీ మిగలదు. ముందు రోజే శృంగవరపుకోట చేరి అక్కడ పడుకో. వెలుతురు రాగానే బయలుదేరు. ఆదివారం వద్దు, ఆ రోజు టూరిస్టు కార్లు వంపుల్లోనే ఓవర్‌టేక్ చేస్తాయి.

కాశీపట్నం దాటాక ఎక్కుడు తగులుకుంటుంది. కొత్తవాళ్లు చెడేది అక్కడే, కాళ్లు తాజాగా ఉంటాయి కదా, ఊపు మీద తొక్కేస్తారు. తైడ, డముకు దాటి అనంతగిరి దాకా, ఆ పైన గాలికొండ దాకా ఎక్కాలి, వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు. మొదటి గంట మరీ నత్తలా పోతున్నానేమో అని నీకే విసుగు రావాలి. పక్కన ఎవరైనా ఉంటే రెండు ముక్కలు మాట్లాడగలిగేంత ఊపిరి ఉండాలి. లేదంటే తగ్గించు. వెనక నుంచి ఎవడో కుర్రాడు రయ్యిన దాటిపోతాడు, పోనీ.

నీ సైకిల్‌కి చైన్ తిరిగే పళ్ల చక్రాల్లో ముందు చిన్నదానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 28 అన్నావు. ఆ గేరుతో ఈ ఘాట్ ఎక్కితే మోకాళ్లు అరుగుతాయి. వెనక కూడా 34 వేయించు, చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే డిరైలర్ దానికి సరిపోతుందా అని షాపులో అడిగి మరీ. గేరు వంపు రాకముందే మార్చాలి, బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ తెగినా తెగుతుంది. హెయిర్‌పిన్‌లో, అంటే రోడ్డు వెనక్కి మళ్లే ఇరుకు వంపులో, లోపలి అంచు గోడలా లేస్తుంది, కాబట్టి నీ లేన్ దాటకుండానే వీలైనంత వెడల్పుగా తిరుగు. అయినా కాలు ఆడకపోతే దిగి నడిపించు. నేను ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నడిపిస్తాను, ఫొటోల్లో అది ఉండదంతే.

తిండి సంగతి. ఆకలేశాక తింటే అప్పటికే ఆలస్యమైనట్టు. ముప్పావుగంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకో, పల్లీ చిక్కీ, అరటిపండు, ఏదైనా సరే. ఒకసారి నేను అనంతగిరిలో టిఫిన్ చేద్దామని ఖాళీ కడుపుతో ఎక్కాను. దారిలో ఒంట్లో కరెంటు పోయినట్టయి కల్వర్టు మీద అరగంట కూలబడ్డాను. రెండు సీసాల నీళ్లు పెట్టుకో, ఒకదాంట్లో ఓఆర్‌ఎస్ కలుపుకో. ఇంకోటి, కోతులు. అరటిపండ్లు హ్యాండిల్‌కి కవర్లో తగిలించావో, ఇక నీవి కావు.

అసలు చెప్పాల్సింది దిగుడు గురించి. గాలికొండ దాటి సుంకరిమెట్ట వైపు దిగేటప్పుడు "హమ్మయ్య, అయిపోయింది" అనిపిస్తుంది. చెమట పట్టిన ఒంటికి చల్లగాలి కొడుతుంది, వేళ్లు కొయ్యబారతాయి, బ్రేకు ఎంత నొక్కుతున్నావో నీకే తెలియదు. నా కుడి మోచేతి మీద మచ్చ గుర్తుందా, చిన్నప్పుడు వేలితో తడిమి అడిగేదానివి? కుక్క కరిచిందని చెప్పాను. అబద్ధం. అది ఈ దిగుడే. వంపు మధ్యలో గుప్పెడు ఇసుక కనబడింది, కంగారులో ముందు బ్రేకు లాగేశాను, చక్రం పక్కకు జారింది, అంతే. బ్రేకు వంపులోకి రాకముందే వేయాలి, రెండూ కలిపి, నొక్కుతూ వదులుతూ. పట్టుకునే ఉంటే రిమ్ కాలిపోయి ట్యూబు పేలినా పేలుతుంది. దిగుడు మొదలయ్యే ముందే ఆగి, విండ్‌చీటర్ వేసుకుని, చేతులు రుద్దుకో. పొగమంచు ఉంటే పగలైనా వెనక లైటు వెలగాలి.

ఒక స్పేర్ ట్యూబు, పంపు, టైరు ఊడదీసే లివర్లు, చైన్ తెగితే అతికే లింకు. ట్యూబు మార్చడం ఇంట్లో రెండుసార్లు చేసి చూసుకో, యూట్యూబ్‌లో చూశాను అంటే కుదరదు. జేబులో మీ అమ్మ నంబరు, నా నంబరు, బ్లడ్ గ్రూపు రాసిన కాగితం ఉండాలి. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి, అనంతగిరి చేరాక ఒక మెసేజ్ పెట్టు. మధ్యాహ్నం రెండయ్యేసరికి అనంతగిరి కూడా చేరకపోతే ఇక పైకి పోకు. బస్సు ఆపి సైకిల్ టాపు మీద వేయమని అడుగు, లేదా అక్కడే రూము చూసుకో. కొండ ఎక్కడికీ పోదు, డిసెంబరులో చీకటి మాత్రం తొందరగా పడుతుంది.

విండ్‌చీటర్ కొనకు. నాది ఉంది, మోచేయి దగ్గర చిరిగితే కుట్టించాను. శనివారం వచ్చి తీసుకుపో.

మామయ్య