జైలు నుంచి వచ్చిన మరిది మా ఇంట్లో ఉంటున్నాడు, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలా?

ఇంగ్లండ్‌లో ఉంటున్న ఒక పాఠకురాలి ప్రశ్న ఇది. పనిచేసే చోట డబ్బు తీసిన కేసులో వాళ్ల మరిదికి 10 నెలల జైలు శిక్ష పడింది. కొంతకాలం లోపల ఉండి, విడుదలై, ఇప్పుడు వీళ్లింట్లోనే ఉంటున్నాడు. శిక్ష గడువు మొత్తం ఈ జూన్‌తో ముగుస్తుంది. ఇంటి ఇన్సూరెన్స్ రెన్యువల్ మాత్రం మే నెలలోనే. "పాలసీ మా ఇద్దరి పేరు మీద ఉంది, తప్పు చేసింది మేం కాదు, ఎవరికీ చెప్పొద్దని మావారు అంటున్నారు, నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

చెప్పండి. నా సమాధానం అదే. కాకపోతే ఎంత చెప్పాలి, ఎప్పటిదాకా చెప్పాలి అన్నది తెలుసుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు ఆ ఫారం తీసి చదవండి. చాలా కంపెనీల ఫారాల్లో "మీకు గానీ, మీతో పాటు ఆ ఇంట్లో ఉంటున్న ఎవరికైనా గానీ నేరం రుజువైందా?" అన్న అర్థంలో ప్రశ్న ఉంటుంది, సాధారణంగా డ్రైవింగ్ నేరాలను మినహాయిస్తారు. మనం "మీకు" అన్న మాట చూసి గబగబా "లేదు" మీద నొక్కేస్తాం, కానీ అసలు చిక్కంతా "మీతో పాటు ఉంటున్న" అన్న ముక్కలో ఉంది. పాలసీలో మీ మరిది పేరు లేకపోయినా, మీ ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి ఆ ప్రశ్న అతన్ని కూడా కలుపుకునే అడుగుతోంది. తలుపు తాళం, ఇంట్లో సామాను, ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు, ఇవన్నీ చూసే వాళ్లు ప్రీమియం లెక్కగడతారు. మీ మరిది మంచివాడా కాదా అని వాళ్లు తీర్పు చెప్పడం లేదు, దయచేసి ఆ కోణంలో తీసుకుని బాధపడకండి.

2013 ఏప్రిల్ నుంచి అక్కడ అమల్లో ఉన్న చట్టం ప్రకారం, కంపెనీ అడగనిది మీ అంతట మీరు ఊహించి చెప్పాల్సిన పని లేదు. అడిగినదానికి మాత్రం తగినంత శ్రద్ధతో, తప్పు లేకుండా జవాబివ్వాలి. పొరపాటు ఒకటి, కావాలని దాచడం ఒకటి, చట్టం ఈ రెండింటినీ వేరుగా చూస్తుంది. పొరపాటే అయితే, నిజం తెలిసుంటే కంపెనీ ఏం చేసేదో దాన్నిబట్టి లెక్క కడతారు. ఉదాహరణకు, మీరు కట్టాల్సిన ప్రీమియం 400 పౌండ్లు, కట్టింది 300 అనుకోండి, 20,000 పౌండ్ల క్లెయిమ్‌కు 15,000 మాత్రమే ఇవ్వొచ్చు. నిజం తెలిస్తే పాలసీనే ఇచ్చేవాళ్లం కాదని కంపెనీ చూపించగలిగితే క్లెయిమ్ పోతుంది, కట్టిన ప్రీమియం మాత్రం వెనక్కి ఇవ్వాలి. అదే తెలిసి తెలిసి అబద్ధం చెప్పారని రుజువైతే పాలసీ మొదటి నుంచీ లేనట్టే లెక్క, ఒక్క క్లెయిమ్ కూడా చెల్లించరు, ప్రీమియం కూడా చాలావరకు వాళ్లే ఉంచేసుకోవచ్చు. ఇప్పుడు మీరు నాకు ఉత్తరం రాసేంతగా ఆలోచించారు, మీవారితో చర్చించారు, ఇక మీది పొరపాటు అని చెప్పుకునే అవకాశం ఎక్కడుందండీ?

నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం సరిగ్గా ఇలాగే కొడుకు సంగతి దాచింది. తర్వాత వంటగదిలో సింక్ కింద పైపు పగిలి, చెక్క నేలంతా ఉబ్బిపోయింది. ఆ కొడుకు శిక్షకూ ఈ నీళ్లకూ ఏ సంబంధమూ లేదు. కానీ నష్టం చూడటానికి వచ్చినాయన తడిసిన చెక్కల ఫొటోలు తీసుకుంటూ, మాటల మధ్యలో మామూలుగానే, ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగి పేర్లు రాసుకున్నాడు. కోర్టు వార్త ఆ ఊరి పేపర్లో వచ్చే ఉంది. క్లెయిమ్ రాలేదు, పాలసీ రద్దయింది, నేల వాళ్ల సొంత డబ్బుతోనే వేయించుకున్నారు.

అంతకన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ తర్వాత జరిగేది. "మీ పాలసీ ఎప్పుడైనా రద్దు చేశారా?" అన్న ప్రశ్న చాలా కంపెనీలు అడుగుతాయి, దానికి "అవును" అని రాయాల్సింది ఇక మీరే. మీ మరిది శిక్షకు చట్టంలో ఒక గడువు ఉంది, మీ పాలసీ రద్దుకు అలాంటి గడువు చట్టంలో లేదు. పైగా ఇల్లు అప్పు మీద కొన్నదైతే, బిల్డింగ్ ఇన్సూరెన్స్ ఉండి తీరాలన్నది మామూలుగా బ్యాంకు పెట్టే షరతు, అక్కడా మాట పడాల్సి వస్తుంది.

ఇక ఆ గడువు సంగతి, ఇది మీకు ఊరటనిచ్చే విషయం. 1974లో వచ్చిన చట్టం ప్రకారం కొంతకాలం గడిచాక శిక్షకు కాలం చెల్లుతుంది, ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ "ఎప్పుడైనా" అని అడిగినా సరే, దాని గురించి చెప్పక్కర్లేదు, "లేదు" అని రాయడం అబద్ధం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023 అక్టోబర్ 28 నుంచి ఈ గడువులు బాగా తగ్గాయి. ఏడాది లోపు జైలు శిక్షకు, శిక్ష పూర్తయ్యాక ఇంకో ఏడాది. మీ మరిదికి పడినలాంటి 10 నెలల శిక్షకు అంతకుముందు 4 ఏళ్లు ఆగాల్సి వచ్చేది. ఇక్కడే చాలామంది పొరబడతారు, లెక్క విడుదలైన రోజు నుంచి కాదు, 10 నెలలూ పూర్తయిన రోజు నుంచి. అంటే మీ మరిదికి వచ్చే ఏడాది జూన్, ఈలోగా కొత్త కేసేదీ పడకపోతే. ఈ మే, వచ్చే మే, రెండు రెన్యువల్స్, అంతే. ఆ తర్వాత అతనే బేసిక్ డీబీఎస్ సర్టిఫికెట్‌కు (నేర చరిత్ర ఉందో లేదో చూపే అధికారిక పత్రం) దరఖాస్తు చేసుకుంటే, కాలం చెల్లిన శిక్షలు అందులో కనిపించవు కాబట్టి చేతిలో కాగితం కూడా ఉంటుంది.

రెన్యువల్ కాగితాలు వచ్చినప్పుడు "ఏం మారలేదు" అనుకుని అలా వదిలేయకండి, వివరాలు సరిచూసి చెప్పమని అడిగినా ఊరుకుంటే అది కూడా తప్పుడు సమాచారం కిందకే రావచ్చు. పాలసీ మధ్యలో ఇంట్లోకి కొత్త మనిషి వస్తే చెప్పాలన్న షరతు ఉందేమో కూడా పాలసీ పుస్తకంలో చూడండి, అతను ఇప్పటికే వచ్చేశాడు కదా, ఉంటే మే దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి. మాట్లాడిన వాళ్ల పేరు, తేదీ రాసుకుని, చెప్పిందంతా ఒక ఈమెయిల్‌లో కూడా పెట్టండి. నేరం ఏమిటి, శిక్ష ఎంత, ఏ తేదీన పడింది, ఈ మూడూ చాలు. కుటుంబ కథంతా చెప్పక్కర్లేదు.

మీ కంపెనీ కుదరదంటే కంగారు పడొద్దు. ధరలు పోల్చే వెబ్‌సైట్లలో చాలాసార్లు ఒక్క కొటేషన్ కూడా రాదు, దాన్ని చూసి ఇక ఎవరూ ఇవ్వరనుకుంటారు జనం. ఇలాంటి ఇళ్లకు పాలసీలు చూసే బ్రోకర్లు ప్రత్యేకంగా ఉన్నారు. శిక్ష పడినవాళ్ల కోసం పనిచేసే అన్‌లాక్ అనే స్వచ్ఛంద సంస్థ దగ్గర అలాంటి బ్రోకర్ల జాబితా దొరుకుతుంది, గడువు లెక్కగట్టే కాలిక్యులేటర్ కూడా వాళ్ల దగ్గర ఉంది. బ్రిటిష్ ఇన్సూరెన్స్ బ్రోకర్ల సంఘాన్ని అడిగినా దారి చూపిస్తారు. ప్రీమియం కొంచెం ఎక్కువే అవుతుంది, దొంగతనం కవర్‌లో షరతులు పెట్టొచ్చు, అవి చదివాకే ఒప్పుకోండి. కొత్త పాలసీ చేతికి వచ్చేదాకా పాతది మాత్రం ఆపకండి.

ఫోన్ చేసే ముందు ఒక్క పని చేయండి, మీ మరిదితో కూర్చుని మాట్లాడండి. శిక్ష తేదీలు అతని దగ్గరే ఉంటాయి, అతనికి తెలియకుండా అతని సంగతి బయటివాళ్లకు చెప్పడం నాకు సరిగ్గా అనిపించదు. ఇంట్లోంచి పొమ్మంటారేమోనని అతను ఇప్పటికే బిక్కుబిక్కుమంటూ ఉండొచ్చు, ఉండమని చెప్పడానికే ఈ తేదీలు అడుగుతున్నామని ముందే చెప్పేయండి.