మేనేజరు గారు షెడ్‌లోకి రావాలి

ప్రశ్న: విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. కార్డింగ్ మెషీన్‌కి (నారను దువ్వే యంత్రం) నార చుట్టుకుంటే కుర్రాళ్లు గార్డు (చెయ్యి లోపలికి పోకుండా ఉండే రక్షణ కవచం) తీసేసి, మెషీన్ ఆపకుండానే చేత్తో లాగేస్తున్నారు. మేనేజరు గారితో చెబితే ‘అది సేఫ్టీ ఆఫీసర్ పని’ అంటున్నారు. ఏం చెయ్యాలండీ?

జవాబు: సేఫ్టీ ఆఫీసర్ చెప్పగలరు, అంతే. టార్గెట్ తగ్గించే అధికారం మేనేజరు గారిదే కాబట్టి బాధ్యతా ఆయనదే. కుర్రాళ్లది నిర్లక్ష్యం అనుకోకండి. మెషీన్ ఆపితే ఉత్పత్తి తగ్గుతుంది, తగ్గితే మాట పడాలి, ఆ టెన్షన్‌లోనే చెయ్యి పెట్టేస్తారు. ఆ మెషీన్‌లో తిరిగే రోలర్ నిండా సూదుల్లాంటి పిన్నులు, నారతోపాటు వేలు చిక్కిందంటే పక్కవాడు పరుగెత్తి స్విచ్ నొక్కేలోపే చెయ్యి లోపలికి పోతుంది.

మేనేజరు గారిని షిఫ్ట్ నడుస్తుండగా ఆ మెషీన్ దగ్గరికే తీసుకెళ్లండి, నార తీసే కుర్రాడితోనే మాట్లాడించండి. మూడే అడగండి: నార తీసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి తాళం వెయ్యాలి, తాళంచెవి నార తీసేవాడి జేబులోనే ఉండాలి, ఆపిన సమయాన్ని టార్గెట్‌లోంచి మినహాయించాలి. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు ప్రతిజ్ఞ చదివిస్తే సరిపోదు కదండీ.

యంత్రాల ప్రమాదకర భాగాలకు కంచె, అంటే గార్డు, ఉండాలని 1948లోనే ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. అప్పటికీ మేనేజరు గారు కదలకపోతే మెషీన్ నంబరు, తేదీ వేసి కాగితం మీద రాసివ్వండి, నకలు దాచుకోండి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి చెప్పడానికి వెనకాడకండి. ఈలోగా మీ షిఫ్ట్‌లో మాత్రం గార్డు లేని మెషీన్ నడవనివ్వకండి.