రోజుకు 400 పౌండ్లు అన్నారు, చేతికెంత?

ప్రశ్న: పదేళ్లుగా ఒకే కంపెనీలో పర్మనెంటు ఉద్యోగం చేశాను. ఇప్పుడు మొదటిసారి కాంట్రాక్టులోకి దిగుతున్నాను. లండన్‌లో ఒక బ్యాంకులో ఆరు నెలల టెస్టింగ్ పని, రోజుకు 400 పౌండ్లు. ఇది ఇన్‌సైడ్ ఐఆర్35, అంటే పన్ను విషయంలో నన్ను ఉద్యోగిగానే చూస్తారు కాబట్టి, అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టరును తన ఉద్యోగిగా పెట్టుకుని జీతం ఇచ్చే మధ్య సంస్థ) ద్వారా రావాలని చెప్పి ఏజెన్సీ మూడు పేర్లు పంపింది. ఆ మూడూ వారానికి 1,200 పౌండ్ల చుట్టూ చేతికి వస్తుందని లెక్క ఇచ్చాయి. ఒక స్నేహితుడు చెప్పిన నాలుగో కంపెనీ మాత్రం 1,640 ఇస్తామంటోంది. అంతా చట్టబద్ధమేనట. ఇంత తేడా ఎలా వస్తుంది? దేన్ని ఎంచుకోవాలి?
– రెడింగ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: 1,640 ఇస్తామన్న కంపెనీకి ఈ రోజే వద్దని చెప్పేయండి. మిగతా విషయం నిదానంగా మాట్లాడుకుందాం.

ముందు లెక్క చూడండి. మీ కోసం ఏజెన్సీ అంబ్రెల్లా కంపెనీకి వారానికి 2,000 పౌండ్లు పంపుతుంది. అది మీ జీతం కాదు. జీతం అందులోంచి పుట్టాలి. మొదట కంపెనీ తన మార్జిన్, అంటే తన రుసుము, తీసుకుంటుంది, 25 పౌండ్లు అనుకుందాం. తర్వాత యజమాని కట్టవలసిన నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద ప్రభుత్వానికి కట్టే సామాజిక భద్రతా చందా) సుమారు 244, అప్రెంటిస్‌షిప్ లెవీ (యజమానులు కట్టే శిక్షణ పన్ను) మరో 9 పోతాయి. మిగిలిన 1,722 మీ అసలు జీతం, సెలవుల డబ్బు కూడా అందులోనే ఉంటుంది. దాని మీద ఆదాయపు పన్ను 447, మీ వాటా నేషనల్ ఇన్సూరెన్స్ 73 పోతే చేతికి వచ్చేది 1,202. ఇది 1257ఎల్ అనే మామూలు పన్ను కోడ్‌తో, పెన్షన్ కలపకుండా, ఇంగ్లండ్ రేట్లతో వేసిన లెక్క. స్కాట్లాండ్‌లో ఉండేవారికి పన్ను వేరు.

యజమాని కట్టవలసిన దాన్ని మన డబ్బులోంచి కోయడమేమిటని ప్రతి కొత్త కాంట్రాక్టరుకూ కడుపు మండుతుంది. 2014లో నా మొదటి పేస్లిప్ చూసి నేనూ ఫోన్‌లో అరిచాను. కానీ మీకు చెప్పిన 400లో యజమాని ఖర్చులు కూడా కలిసే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో ఆ రేటు 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది. అది మొదలయ్యే పరిమితి ఏడాదికి 9,100 నుంచి 5,000 పౌండ్లకు దిగింది. అంతకుముందు కుదిరిన రోజు కూలిని పెంచమని అడగని వాళ్లందరూ ఆ నెల నుంచి నష్టపోయారు.

పన్ను రేట్లు అన్ని కంపెనీలకూ ఒకటే. నిజాయితీగా నడిచే రెండు అంబ్రెల్లా కంపెనీల మధ్య మీ చేతికొచ్చే డబ్బులో తేడా మార్జిన్ దగ్గరే రావాలి. అది మామూలుగా వారానికి 15 నుంచి 30 పౌండ్ల మధ్య ఉంటుంది. పైగా మార్జిన్ పన్నుకు ముందు పోతుంది కాబట్టి, 25 తీసుకునే కంపెనీని వదిలి 15 తీసుకునే దాన్ని పట్టుకుంటే మీ జేబులో నిజంగా మిగిలేది వారానికి అయిదు పౌండ్లు. ఆ అయిదు పౌండ్ల కోసం రాత్రుళ్లు కూర్చుని పట్టికలు వేసేవాళ్లను చూశాను. నేనూ వేశాను.

మరి 440 పౌండ్ల తేడా ఎక్కడిది? ఇలాంటి కంపెనీలు కనీస వేతనానికి దగ్గరగా ఒక చిన్న జీతాన్ని పన్ను కోసి ఇస్తాయి. మిగతాదాన్ని అప్పు అనో, అడ్వాన్సు అనో, యాన్యుటీ అనో పేరు పెట్టి పన్ను లేకుండా మీ ఖాతాలో వేస్తాయి. తిరిగి కట్టనక్కర్లేని అప్పు ఎక్కడైనా ఉంటుందా? బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ దాన్ని జీతంగానే చూస్తుంది, ఎగ్గొట్టిన పన్ను కోసం మీ తలుపే తడుతుంది. ఇలాంటి అప్పుల మీద 2019లో వచ్చిన లోన్ చార్జి అనే పన్ను 2010 డిసెంబరు దాకా వెనక్కి వెళ్లింది. నా పాత సహోద్యోగి ఒకరికి ఎప్పుడో ముగిసిన కాంట్రాక్టు గురించి కవరు వచ్చింది. అప్పటికి ఆ కంపెనీ మూతపడింది, అక్కడ తీయని మాటలు చెప్పినాయన ఫోను పనిచేయడం లేదు. ఇల్లు కొనడానికి దాచుకున్న డబ్బు అటే పోయింది.

మీ స్నేహితుణ్ని ఒక్క మాట అడగండి: 'నన్ను చేర్పిస్తే నీకేమైనా ఇస్తారా?' అని. మంచి కంపెనీలు కూడా ఇలా చేర్పించినవారికి వోచర్లు ఇస్తాయి, అందులో తప్పు లేదు. కాకపోతే ఆ వోచరు సంగతి మనకు తెలిసి ఉండాలి. ఏజెన్సీ జాబితాకూ ఇదే వర్తిస్తుంది, కొన్ని ఏజెన్సీలకు అంబ్రెల్లా కంపెనీల నుంచి కమీషన్ అందుతుంది. అయితే 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా కంపెనీ జీతాల మీద పన్ను కట్టకపోతే హెచ్‌ఎంఆర్‌సీ ఆ బాకీని ఏజెన్సీ దగ్గర వసూలు చేయవచ్చు. అందుకని జాబితాలో లేని పేరు చెబితే ఏజెన్సీ ఒప్పుకోకపోవచ్చు. ఈసారి ఆ మొండితనం మీకు మేలే చేస్తుంది.

ఇక మిగిలిన మూడింటి సంగతి. ఒప్పందానికి ముందే ఏజెన్సీ మీకు కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ అనే రెండు పేజీల కాగితం ఇవ్వాలి. 2020 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. ఏ కోత ఎంతో అందులో ఉదాహరణతో ఉంటుంది. అడగకపోతే చాలామంది పంపరు, అడగండి. కంపెనీ ఇచ్చిన అంచనాను దాని పక్కన పెట్టి చూడండి. కంపెనీల రిజిస్టరు ఉండే కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో పేరు కొట్టి ఎప్పుడు పుట్టిందో, లెక్కలు సమయానికి దాఖలు చేసిందో చూడండి. అంబ్రెల్లా కంపెనీలను తనిఖీ చేసే ఎఫ్‌సీఎస్‌ఏ, ప్రొఫెషనల్ పాస్‌పోర్ట్ వంటి సంస్థల గుర్తింపు ఉందంటే, ఆ సంస్థల వెబ్‌సైటులోకే వెళ్లి పేరు వెతకండి. లోగో ఎవరైనా అతికించుకోగలరు.

నేను ఎక్కువసేపు మాట్లాడేది మాత్రం సెలవుల డబ్బు గురించి, ఎందుకంటే అక్కడే నాకు దెబ్బ తగిలింది. అంబ్రెల్లా కంపెనీ చట్టప్రకారం మీ యజమాని కాబట్టి ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు మీ హక్కు. దాన్ని సెలవుల డబ్బు కలపని మూల జీతంలో 12.07 శాతంగా లెక్కగట్టి, ప్రతి వారం జీతంతోపాటు ఇచ్చేయవచ్చు, లేదా మీ పేరున దాచి, మీరు సెలవు పెట్టినప్పుడు ఇవ్వవచ్చు. పై లెక్కలో అది వారానికి సుమారు 185 పౌండ్లు. గుర్తుంచుకోండి, ఇది పైనుంచి వచ్చిపడే డబ్బు కాదు, మీ 2,000లోంచి తీసి పక్కన పెట్టినదే. మొదటి కాంట్రాక్టులో 'దాచడం' అన్న గడిలో టిక్కు పెట్టి మరిచిపోయాను. ఆ కంపెనీ సెలవుల సంవత్సరం మార్చి 31న ముగుస్తుందని, ఆలోపు వాడుకోనిది వదులుకున్నట్టేనని ఒప్పందం పదకొండో పేజీలో ఉంది. ఏప్రిల్ రెండో వారంలో ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా ఆ పేజీ చదివి వినిపించింది. పదకొండు వందల పౌండ్లకు పైనే పోయాయి. అందుకే మీకు చెబుతున్నాను: ప్రతి వారం ఇచ్చేయమనండి, మీరే వేరే ఖాతాలో వేసుకోండి. దాచమనేటట్టయితే సెలవుల సంవత్సరం ఏ తేదీన ముగుస్తుందో, మిగిలినది ఏమవుతుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

పెన్షన్‌ను జీతం లెక్కకు ముందే మళ్లించే సదుపాయం, అంటే శాలరీ శాక్రిఫైస్, ఉందా అని అడగండి. మీ జీతంలో కొంత 40 శాతం పన్నులో పడుతోంది కాబట్టి ఇది మీకు బాగా పనికొస్తుంది. అలా మళ్లించినప్పుడు మిగిలే యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ మీ పెన్షన్‌లోకి వస్తుందా, వాళ్ల జేబులోకి పోతుందా అన్నదీ అడగండి. ఈ ప్రశ్నకు తడబడితే నాకు నచ్చదు. వదిలి వెళ్లేటప్పుడు రుసుము ఉందో లేదో కనుక్కోండి. చివరగా, సంతకం చేయకముందు ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేయండి. జీతం పడని రోజు మీరు ఫోన్ చేసేది ఆ వేళకే.

చేరాక మొదటి రెండు నెలలు హెచ్‌ఎంఆర్‌సీ యాప్ తెరిచి, పేస్లిప్‌లోని జీతమూ పన్నూ అక్కడ అలాగే నమోదయ్యాయో లేదో సరిచూసుకోండి. యజమాని పేరు ఒప్పందంలో ఉన్నదేనా అన్నదీ చూడండి. నెలకో కొత్త పేరు కనబడితే వెంటనే ఏజెన్సీకి చెప్పండి.

ప్రశ్న: మా అంబ్రెల్లా కంపెనీ రైలు టికెట్లు, మధ్యాహ్న భోజనం ఖర్చు చూపిస్తే పన్ను తగ్గిస్తామంటోంది. నిజమేనా?
– స్లౌ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఒకప్పుడు నిజం. 2016 ఏప్రిల్ నుంచి, క్లయింటు పర్యవేక్షణలోనో అజమాయిషీలోనో పనిచేసే అంబ్రెల్లా ఉద్యోగులకు ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లే ఖర్చు మీద ఆ మినహాయింపు లేదు. మీలాగా ఆఫీసుకు వెళ్లి వచ్చేవారు దాదాపు అందరూ ఇందులోకే వస్తారు. ఇంకా ఆ ఆశ చూపిస్తున్న కంపెనీ మిగతా లెక్కలు ఎలా వేస్తోందో నాకు అనుమానమే. మీ పేస్లిప్‌లు అన్నీ ఒకసారి బయటికి తీయండి.

ప్రశ్న: మొదటి పేస్లిప్‌లో 0టీ అనే కోడ్ వేసి బోలెడు పన్ను కోశారు. కంపెనీ మోసం చేసిందా?
– లెస్టర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: లేదు. మీ పీ45 (పాత ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చే జీతం, పన్నుల కాగితం) వాళ్లకు అందలేదు, అంతే. పాత కంపెనీ నుంచి తెప్పించి పంపండి. కోడ్ సరయ్యాక, ఎక్కువగా కోసినది అదే పన్ను సంవత్సరంలో తర్వాతి పేస్లిప్‌ల ద్వారా వెనక్కి వస్తుంది. పీ45 ఆలస్యమయ్యేటట్టుంటే స్టార్టర్ చెక్‌లిస్టు అనే కొత్త ఉద్యోగుల ఫారం నింపి పంపండి. ఏప్రిల్ 6 తర్వాత మరో ఉద్యోగం చేసి మానేసి, ఇప్పుడు ఇదొక్కటే చేస్తుంటే అందులో మీరు ఎంచుకోవలసిన వాక్యం 'బీ'.