తరవాణి తాగుతూ మాత్రలు మానేయవచ్చా? నేను మానేసి చూశాను

మీ అన్నగారికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర పూసి రక్తం పడే జబ్బు, ఉందని రాశారు. పేగులోని మంచి సూక్ష్మజీవులు తగ్గిపోవడమే దీనికి మూలమని ఎవరో చెప్పారని, రోజూ తరవాణి, అంటే పులియబెట్టిన గంజినీళ్లు, పెరుగు తీసుకుంటూ మాత్రలు మానేస్తే ఏమవుతుందని అడిగారు. ఆ పని నేను ఒకసారి చేసి చూశాను కాబట్టి, ఏమవుతుందో చెప్పే అర్హత నాకు ఉందనుకుంటున్నాను.

నేను బొబ్బిలి ప్రాంతంలోని ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో లెక్కలు రాసే గుమస్తాను. 2011 చివర్లో నాకు రక్తంతో కూడిన జిగట విరేచనాలు మొదలైనప్పుడు, మందుల దుకాణంలో అవి బంక విరేచనాలని చెప్పి ఐదు రోజులకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. కొంచెం తగ్గినట్టు అనిపించడం, నెల తిరగకముందే మళ్లీ మొదలవడం, మళ్లీ అవే మాత్రలు మింగడం, ఇలా మూడేళ్లు గడిచాయి. మధ్యలో ఒకాయన మొలలని చెప్పి పూతమందు ఇచ్చాడు. చివరికి 2014లో విశాఖలో గొట్టం వేసి చూసి, పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాకగాని అసలు జబ్బు పేరు తెలియలేదు. నా పేగును పాడుచేసింది ఆ మూడేళ్ల మాత్రలేనని నా గట్టి నమ్మకం. జబ్బు మొదటి నుంచీ ఉండి ఉంటుందని, ఆ రక్తం దాని వల్లనే పడి ఉంటుందని మా డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా నేను నా మాట మార్చుకోలేదు. మన జిల్లాల్లో రక్త విరేచనం అనగానే పరీక్ష అన్న మాటే లేకుండా ఆ మాత్రలు అమ్మేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

విశాఖలో నాకు సల్ఫాసలజీన్ రాశారు. రోజుకు ఎనిమిది మాత్రలతో మొదలుపెట్టి నాలుగుకు తగ్గించారు, తోడుగా ఫోలిక్ ఆమ్లం ఇచ్చారు. మూత్రం నారింజ రంగులో వచ్చేది, పొద్దుటిపూట తల దిమ్ముగా ఉండేది, అయినా రక్తం ఆగింది. రెండేళ్లకు పైగా సుఖంగా ఉన్నాను. సుఖంగా ఉన్నవాడికే సలహాలు ఎక్కువగా వస్తాయి. మా బావమరిది ఒకనాడు వచ్చి, "ఏటి బావా, ఎన్నాళ్లు మింగుతావీ మాత్రలు? కడుపులో మంచి పురుగుల్నన్నీ చంపీసి, మళ్లీ కడుపు బాగోలేదంటే ఎలాగ?" అన్నాడు. మెట్రోనిడజోల్ మీద నాకున్న కోపం అప్పటికే నిప్పులా ఉంది, అతని మాట దాని మీద ఊక పోసింది. 2017 ఆగస్టులో మాత్రలు పూర్తిగా మానేశాను. పొద్దున్నే లోటా నిండా తరవాణి, దానితో చద్దన్నం, మధ్యాహ్నం పెరుగు. మొదటి నెల ఏ బాధా లేకపోవడంతో నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

ఆ ఏడాది సిరిమాను రోజున మా అమ్మను, భార్యను తీసుకుని విజయనగరం వెళ్లాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర భుజానికి భుజం ఆనించి నిలబడ్డ జనంలో, పైడితల్లి అమ్మవారి గుడి వైపు చూస్తూ ఉండగా పొత్తికడుపులో పిండినట్టయింది. ఈ జబ్బు ఉన్నవారికి ఆ పిండడం అర్థమవుతుంది: అది వచ్చాక చేతిలో ఉండేది రెండు మూడు నిమిషాలే. లక్షల మంది చేరే పండుగలో మరుగుదొడ్డి ఎక్కడుందో అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపించారు. జనాన్ని తోసుకుంటూ ఒక సందులోకి పోయి, తలుపు తెరిచి ఉన్న ఇంటి ముందు నిలబడి నా జబ్బు సంగతి చెప్పబోయాను. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ నా ముఖం చూసి, "ముందు దొడ్లోకి పద బాబూ, ఆ మాటలు తరవాత" అంది. ఆ రోజు పడ్డ రక్తం చూసి నాకు కాళ్లు వణికాయి. బకెట్టు మీద బకెట్టు నీళ్లు పోసి ఆమె దొడ్డిని శుభ్రంగా కడుగుతుండగా, వీధిలో ఒక్కసారిగా జేజేలు వినిపించాయి. సిరిమాను వెళ్తోందని తెలిసింది. యాభై ఏళ్ల వయసులో పరాయి ఇంటి దొడ్డిలో కూర్చుని నేను ఏడ్చాను.

వారం తరవాత డాక్టరుగారు నన్ను తిట్టలేదు. "సూక్ష్మజీవులను కాపాడదామని మీరు మానేసిన మందును మీ పేగులో తయారుచేసి పెడుతున్నది ఆ సూక్ష్మజీవులే" అన్నారు. ఆ ఒక్క మాటే ఈ జవాబు రాయడానికి కారణం. సల్ఫాసలజీన్ రెండు పదార్థాలను రసాయన బంధంతో కలిపి కట్టిన మూట వంటిది. మనిషి జీర్ణరసాలకు ఆ ముడి విప్పడం చేతకాదు. మూట చాలావరకు అలాగే పెద్దపేగుకు చేరితే, అక్కడి సూక్ష్మజీవులు తమ ఎంజైములతో ముడి విప్పుతాయి. అందులోంచి వచ్చే మెసలమైన్ పూత మీద పనిచేస్తుంది, రెండోదైన సల్ఫాపిరిడిన్ రక్తంలో కలిసి తలనొప్పి, వికారం వంటివి తెస్తుంది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలకు ఈ మందు ఇస్తే అది విడిపోకుండానే బయటికి వచ్చేసిందని 1972లోనే చూపించారు. స్వీడన్‌లో నానా స్వార్ట్జ్ అనే వైద్యురాలు ఈ మందును కీళ్లవాతం కోసం రూపొందించారు. అందులో పేగుకు పనికొచ్చే భాగం మెసలమైన్ అని 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో తేల్చినవారిలో మన పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌కు చెందిన ఆజాద్ ఖాన్ ఒకరు.

ఇక సూక్ష్మజీవులకూ జబ్బుకూ ఉన్న సంబంధం మా మిల్లులో పనిచేసేవాడికి తేలికగానే అర్థమవుతుంది. మేము ధాన్యం ఉడికించే బాయిలరుకు బయటి నుంచి బొగ్గు తేము, ఆ ధాన్యం నుంచి వచ్చిన ఊకనే మండిస్తాము. పెద్దపేగు సంగతీ అంతే. మనకు అరగని పీచు, పిండిపదార్థం అక్కడికి చేరితే సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని ఇస్తాయి, పేగు పొర కణాలు తమ శక్తిలో సుమారు 70 శాతం దాని నుంచే తెచ్చుకుంటాయి. కణాలు దాన్ని మండించేటప్పుడు ప్రాణవాయువు ఖర్చయిపోతుంది కాబట్టి, గాలి తగిలితే బతకలేని మంచి రకాలకు పేగులో చోటు నిలుస్తుంది. పొయ్యి చల్లారితే ఆ ప్రాణవాయువు లోపలికి చేరి, దాన్ని వాడుకోగల ఇ.కోలై వంటివి పెరుగుతాయి. ఈ జబ్బు ఉన్నవారి కణాలు బ్యూటిరేట్‌ను సరిగా మండించలేకపోతున్నాయని 1980లో రోడిగర్ అనే శస్త్రవైద్యుడు రాశాడు. ఫీకాలిబాక్టీరియం, రోజ్‌బూరియా వంటి బ్యూటిరేట్ చేసే రకాలు రోగుల్లో తగ్గి ఉంటాయని తరవాత వచ్చిన పరిశోధనలు చూపించాయి. ఊక తగ్గిందా, బాయిలరే పాడైందా, ఏది ముందు అన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు. నా ఓటు ఊకకే.

అయితే తరవాణి ఎందుకు పనిచేయలేదని మీరు అడగవచ్చు. కుండలో గంజినీళ్లను పులియబెట్టేవి ఎక్కువగా లాక్టిక్ ఆమ్లం చేసే రకాలు, అవి స్వయంగా బ్యూటిరేట్ చేయవు. బ్యూటిరేట్ చేసే ఫీకాలిబాక్టీరియం గాలికి చచ్చిపోతుంది కాబట్టి అది కుండలోనూ ఉండదు, పెరుగు గిన్నెలోనూ ఉండదు. నిజానికి తరవాణి కంటే దాని పక్కన తినే చద్దన్నానికే ఈ విషయంలో విలువ ఎక్కువ, వండిన అన్నం చల్లారినప్పుడు పిండిపదార్థంలో కొంత అరగని రూపానికి మారి పెద్దపేగు దాకా వెళ్తుంది. కాని అది జబ్బు అణగి ఉన్నప్పటి మాట. పూత రేగి రక్తం పడుతున్న పేగును ఊకతో బాగుచేయబోవడం మంటలో ఉన్న బాయిలరు గదిలోకి బస్తాలు మోయడమే. ఇక ప్రోబయాటిక్ గుళికల, అంటే బతికున్న మంచి సూక్ష్మజీవులను నింపి అమ్మే గుళికల, సంగతికి వస్తే, చల్లని చోట ఉంచమని పెట్టె మీద రాసి ఉన్న వాటిని కూడా మే నెలలో రేకుల కప్పు కింద పెట్టి అమ్మే దుకాణాలను నేను చూశాను. అంత ధర పెట్టి అందులో ప్రాణం ఉన్నవి ఎన్నో, లేనివి ఎన్నో తెలియకుండా కొనడం నాకు ఇష్టం లేదు.

నేను రెండు నెలలు స్టెరాయిడ్ వాడి, మళ్లీ సల్ఫాసలజీన్ నాలుగు మాత్రలకు వచ్చాను. ఇప్పుడు జబ్బు అణగి ఉంది కాబట్టి డాక్టరుగారికి చెప్పే చద్దన్నం, చోడి అంబలి తీసుకుంటున్నాను, తరవాణి రుచి కోసం తాగుతున్నాను. మీ అన్నగారు వాడుతున్నది కూడా ఇదే మందైతే, వేరే జబ్బుకు ఎవరైనా యాంటీబయాటిక్ రాసినప్పుడు ఈ మాత్ర సంగతి వారికి తప్పక చెప్పమనండి, ముడి విప్పేవారు తగ్గితే మందు పని కుంటుపడవచ్చు. మొన్న సంక్రాంతికి మా బావమరిది ఏదో వేర్ల పొడి తెచ్చి మళ్లీ నా ముందు పెట్టాడు. నేను అతని ఎదురుగానే నాలుగు మాత్రల్లో ఒకటి చద్దన్నం ముద్ద తిన్నాక మింగాను, అతను ఆ పొడి పొట్లాన్ని తన సంచిలోనే సర్దుకుని వెళ్లాడు.