డీకన్ (ఫాదర్ కన్నా ఒక మెట్టు కింది పదవి) తమ్ముడికి, ప్రసంగం గురించి

ప్రియమైన తమ్ముడూ,

గుడి క్యాలెండర్‌లో సామాన్య కాలపు 15వ ఆదివారానికి, బాట మీదా రాళ్ల మీదా మంచి నేల మీదా గింజలు చల్లిన విత్తేవాడి ఉపమానం గురించి నువ్వు రాసి వాట్సాప్‌లో పంపిన ప్రసంగం రెండుసార్లు చదివాను. రెండోసారి గడియారం ఎదురుగా పెట్టుకుని పైకి చదివాను. 19 నిమిషాలు పట్టింది. పోప్ ఫ్రాన్సిస్ 2018లో పది నిమిషాలు దాటొద్దన్నారు. 2024 జూన్‌లో దాన్ని ఎనిమిదికి దించేశారు. అది దాటితే జనం నిద్రపోతారని, అందులో వాళ్ల తప్పేమీ లేదని కూడా అన్నారు. పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న కుర్రాడు కునికి మూడో అంతస్తు నుంచి పడ్డ సంగతి బైబిల్లో అపోస్తలుల కార్యాల్లో చదివే ఉంటావు. పౌలు కిందికి దిగి వాణ్ణి బతికించాడు. మనకా వరం లేదు కాబట్టి గడియారం చూసుకోవాలి.

నీ కాగితం సంగతికొస్తాను. "క్రీస్తునాథుని యందు ప్రియ విశ్వాసులారా" అని పదకొండుసార్లు పిలిచావు. తర్వాతి మాట తోచక ఊపిరి తీసుకోవడానికి వాడే మాట అది. నేనూ ఏళ్ల తరబడి వాడాను. ఒక్కసారి చాలు. మొదటి పేజీ అంతా 'ఉపమానం' అనే మాటకి గ్రీకు మూలం. దానికి సెమినరీలో మార్కులు వస్తాయేమో గానీ, జులైలో పత్తి గింజ పెట్టి మబ్బు కోసం చూస్తున్న మనిషికి అదెందుకు? ఆ రోజు పూజలో తొలి పఠనం బైబిల్లోని యెషయా 55. ఆకాశం నుంచి పడ్డ వాన నేలని తడిపి మొలకెత్తించకుండా ఊరికే తిరిగిపోదని చెప్పే మాట. వాన గురించిన వాక్యం నీ చేతికిస్తే నువ్వు గ్రీకు దగ్గరికి పోయావేం? మిగతా మూడు పేజీల్లో నేల, ప్రార్థన, దైవపిలుపులు, మధ్యలో సెల్‌ఫోన్ కూడా. ఇది నాలుగు ప్రసంగాల సరుకు. ఒకటి ఉంచి మిగతావి దాచుకో. పూజ పఠనాలు మూడేళ్ల వరసలో తిరుగుతాయి కదా, మూడేళ్లకి 'ఏ' సంవత్సరం తిరిగొస్తే ఇదే సువిశేషం మళ్లీ చదువుతాం.

ఆ మూడేళ్ల సంగతి నాకెలా తెలిసొచ్చిందో చెప్తాను. ఫాదర్‌నైన కొత్తలో ఇదే ఉపమానం మీద మాట్లాడాను. యేసు నాటి ఆ దేశంలో ముందు విత్తి తర్వాత దున్నేవాళ్లని ఒక పుస్తకంలో చదివి, అదే గొప్పగా వివరించాను. పూజయ్యాక ఒక పెద్దాయన చెప్పులు తొడుక్కుంటూ, "ఫాదర్ గారూ, అదంతా సరే. గింజల ధర తెలిసినవాడెవడైనా బాట మీదా రాళ్ల మీదా చల్లుతాడా అండీ?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. నేను చెప్పింది అర్థం చేసుకోలేదనుకుని మళ్లీ దున్నకం పాఠమే అప్పజెప్పాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తెలిసింది, ఆయన అడిగినదే అసలు ప్రశ్న అని. అంత ఖరీదైన గింజని పండదని తెలిసిన నేల మీద కూడా చల్లే ఆ విత్తేవాడెవడు? మూడేళ్ల తర్వాత ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఆ రోజు ఎవరూ కునకలేదు.

1983 నాటి కతోలిక తిరుసభ చట్టంలో 767వ అధికరణం ప్రకారం పూజలో ప్రసంగం గురువో (అంటే ఫాదరో) డీకనో మాత్రమే చెయ్యాలి. కాబట్టి వినేవాళ్లకి అక్కడ మాట్లాడే వంతు రాదు. ఆ వంతు తర్వాత మనమే ఇవ్వాలి. గుడి గుమ్మం దగ్గర మాత్రం అడగకు. అక్కడ వినిపించే "బాగుంది ఫాదర్ గారూ" నమస్కారం లాంటిది, దాన్ని మెచ్చుకోలుగా లెక్కేసుకుంటే మోసపోతావు. మంగళవారమో బుధవారమో అడుగు. "ఎలా ఉంది?" అనొద్దు, "ఏం గుర్తుంది?" అను. ఊళ్లో క్రైస్తవ బోధ చెప్పే ఉపదేశిని అడుగు, మఠంలో సిస్టర్ గారిని, ఇంటర్ చదివే ఒక పిల్లనో పిల్లాణ్ణో అడుగు. నువ్వు చెప్పని మాటేదో చెప్తారు. అప్పుడు "నేనన్నది అది కాదు" అనబోతావు చూడు, అక్కడే నోరు కట్టేసుకో. నోట్‌బుక్‌లో రాసుకుని, రెండ్రోజులాగి చదువు.

"మీకు ముందున్న ఫాదర్ గారు చెప్తుంటే కన్నీళ్లొచ్చేవండీ" అనే పెద్దమనిషి ప్రతి విచారణలోనూ (ఒక ఫాదర్ చూసుకునే గుడి పరిధిలోనూ) ఉంటాడు. టెన్షన్ పడకు. నువ్వు బదిలీ అయ్యాక కొత్తవాడికి నీ గురించి కూడా అలాగే చెప్తాడు. ఆకాశరామన్న ఉత్తరాలూ వస్తాయి. నాకొచ్చిన ఒకదాంట్లో మూడొంతులు తిట్లే. మిగిలినదాంట్లో "వాక్యం చివర మింగేస్తారు, వెనక బెంచీకి వినబడదు" అని ఉంది. ఉపదేశిని వెనక కూర్చోబెట్టి చూస్తే నిజమే.

మనుషుల కథలు చెప్పేటప్పుడు జాగ్రత్త. ఒకసారి పొలం గట్టు తగాదా పేరు చెప్పకుండానే ప్రస్తావించాను. గుడిలో తలలన్నీ ఒక కుటుంబం వైపు తిరిగాయి. వాళ్లు రెండు నెలలు పూజకి రాలేదు. పేరు తీసేస్తే చాలదు, ఊళ్లో ఎవరూ పోల్చుకోలేకుండా ఉండాలి. లేదా నీ తప్పే చెప్పుకో.

నీ ప్రసంగం నీకే విసుగ్గా ఉందని రాశావు. క్రీ.శ. 400 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో దేవోగ్రాసియాస్ అనే డీకన్ ఇదే బాధ అప్పటి బిషప్ పునీత అగుస్తీనుకి రాసుకున్నాడు. నా మాటలు నాకూ దాదాపు ఎప్పుడూ నచ్చవు, కానీ వినేవాళ్లకి అంత చప్పగా అనిపించదని ఆయన జవాబిచ్చాడు. అలసిపోయినవాళ్లని కూర్చోబెట్టి చెప్పమని కూడా సలహా ఇచ్చాడు. మిరపకాయలు కోసి నడుము పట్టేసినవాళ్లు మన బెంచీల్లో ఉంటారు. నాకు ఆ ఉత్తరంలో అన్నిటికన్నా నచ్చింది ఆ కూర్చోబెట్టడమే.

రెండో ప్రతి శుక్రవారం రాత్రిలోపు పంపు. శనివారం పంపితే చదవను, ఆ రోజు నా ప్రసంగం నేను దిద్దుకోవాలి. వీలైతే రేపు సాయంత్రం ఎవరి చేలోకైనా వెళ్లి, పత్తి గింజల ప్యాకెట్ ఎంతకి కొన్నారో అడిగిరా.

నీ పెద్ద ఫాదర్