నమాజు చదివాక వచ్చేది నెమ్మదా, నిమ్మదా?

సందేహం: మాది నెల్లూరు వైపు సార్, పెళ్లయ్యాక చెన్నై వచ్చి ట్రిప్లికేన్‌లో ఉంటున్నాం. మొన్న మా అమ్మకి ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చున్న నాకు చేతులు వణికి ఊపిరాడనట్టు అయిపోయింది, ఒక మూలకెళ్లి నమాజు చదువుకుని వచ్చాక గానీ మనిషిని కాలేదు. "నమాజు చదివాను, ఇప్పుడు నిమ్మదిగా ఉంది" అని ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టా. తనది విజయవాడ. "నమాజు చేస్తారు, చదవరు, పైగా నిమ్మది తమిళం, మనకి నెమ్మది అంటే స్లో అని" అని రాసింది. నా తెలుగు పాడైపోయిందా?

సమాధానం: లేదమ్మా, ఏమీ పాడవలేదు. ముందు అమ్మగారు కులాసాగా ఇంటికి రావాలి, మాటల సంగతి తర్వాత.

చదవడం గురించి పెద్ద గొడవ లేదు. ఉర్దూలో నమాజ్ పఢ్‌నా అంటారు, అదే మన ముస్లింల ఇళ్లలో నమాజు చదవడం అయింది, బయటివాళ్లు చూసి చేయడం అన్నారు, రెండూ వాడుకలో ఉన్నవే. చదవడం అంటే పుస్తకం చూసి చదవడమేనని మీ ఫ్రెండ్ అనుకున్నట్టుంది, మరి పెళ్లిలో పురోహితుడు మంత్రాలు చదివాడు అంటాం, ఆయన చేతిలో పుస్తకం ఉందా? నమాజులో ప్రతి రకాతులోనూ, అంటే ఒక్కో ఆవృత్తిలోనూ, ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా సూరా చదువుతారు, కాబట్టి ఆ మాట దానికి బాగా అతికింది. నమాజ్ అనేది పారశీకం, మన నమస్సుకి చుట్టం, రెండింట్లోనూ వంగడం ఉంది. అరబిక్‌లో అయితే సలాహ్ అంటారు. మీ పేటలోనే 1795లో కట్టిన వాలాజా పెద్ద మసీదు చుట్టుపక్కల అడిగి చూడండి, ఉర్దూ ఇళ్లలో నమాజ్ అంటారు, తమిళం మాట్లాడే ముస్లింలు తొళుగై అని అచ్చ తమిళంలోనే చెప్తారు, ఉపవాసాన్ని నోన్బు అంటారు, అది మన నోముకి సొంత అక్కచెల్లెలు.

ఇక అసలు మాట. నిమ్మది అన్నది తమిళం పలుకుబడే, మద్రాసులో ఇన్నేళ్లున్నాక నోటికి రాకుండా ఎలా ఉంటుంది, కన్నడంలో నెమ్మది అంటే మనశ్శాంతే, మన తెలుగులోనూ ఆ అర్థం ఎక్కడికీ పోలేదు. జ్వరం నెమ్మదించింది అంటాం, ఒంట్లో నెమ్మదిగా ఉందా అని అడుగుతాం, అక్కడ స్లో అని చెప్తే కుదురుతుందా? ఈమధ్య నెమ్మదిగా నడువు, నెమ్మదిగా మాట్లాడు అన్న వాడుకే ఎక్కువై రెండో అర్థం వెనకబడింది, నాకైతే అది బాధగానే ఉంటుంది, ఎందుకంటే ప్రశాంతత అని ఎంత రాసినా ఆ మాట చల్లగా దూరంగా నిలబడుతుంది, నెమ్మది అయితే వచ్చి ఒంటికి తగులుతుంది.

పైగా మీ ఫ్రెండ్ తప్పు పట్టడానికి అన్న స్లో అనే అర్థం కూడా మీరు చదివిన నమాజులో ఉందమ్మా. మా మేడ మీద వాటాలో ఉండే ఒక పెద్దాయన నాకిది చెప్పారు. నమాజులో తుమానీనా అని ఒక నియమం ఉంది, రుకూలో వంగినప్పుడు, సజ్దాలో నుదురు నేలకి ఆనించినప్పుడు ఒళ్లంతా కుదురుకునేదాకా ఆగాలి, గబగబా లేవకూడదు. ఒకాయన మసీదులో హడావిడిగా నమాజు ముగించుకుని వస్తే ప్రవక్త, నువ్వు నమాజు చేయలేదు, వెళ్లి మళ్లీ చెయ్యి అని మూడుసార్లు వెనక్కి పంపారని హదీసు, అంటే ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే కథనం. చివరికి ఆయన నాకింతకంటే రాదు, నేర్పండి అంటే, వంగినప్పుడు వంగినచోట కుదుటపడు, సజ్దా చేసినప్పుడు సజ్దాలో కుదుటపడు అని చెప్పారు. అక్కడ వాడిన అరబిక్ క్రియే ఖురాన్ 13వ సూరా 28వ ఆయత్‌లోనూ, అంటే వాక్యంలోనూ, ఉంది, దేవుణ్ణి తలుచుకుంటేనే గుండెలు కుదుటపడతాయి అని. ఒంటికీ గుండెకీ ఒకటే మాట! తెలుగులో ఈ రెండూ మోయగలిగిన మాట వెతికితే నాకు నెమ్మది తప్ప ఇంకోటి కనపడలేదు. నిమ్మళం ఉంది, మంచి మాటే, కానీ అందులో ఆ నిదానం లేదు. ఊరట ఎవరో ఒకరు ఇచ్చేదిలా ఉంటుంది. మీ ఇళ్లలో మనశ్శాంతిని సుకూన్ అంటారు కదా, అరబిక్ రాతలో అచ్చు లేని హల్లు మీద పెట్టే గుర్తు పేరు కూడా సుకూనే, మన పొల్లు లాంటిది, అక్కడ గొంతు కాస్త ఆగుతుంది.

ఆస్పత్రిలో చేతులు వణుకుతున్నప్పుడు మీరు వంగి, ఆగి, నుదురు నేలకి ఆనించి, మళ్లీ ఆగారు, ఆ ఆగడంలోనే ఊపిరి తిరిగి దారిలో పడింది. దాన్ని నిమ్మది అన్నా నెమ్మది అన్నా మీరు చెప్పింది సరిగ్గానే ఉంది. ఫ్రెండ్‌కి అదే వాక్యం మళ్లీ పంపండి, కావాలంటే ఒక్క ఇకారం మార్చుకోండి, చదివాను అన్నది మాత్రం మార్చకండి.

అమ్మగారికి ఒంట్లో నెమ్మదించిందా? వీలున్నప్పుడు ఒక ముక్క రాయండి.