రానివాళ్లను కూడా లెక్కలో ఉంచు

చిరంజీవి సౌజన్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన థీసిస్ ప్లాన్ మొత్తం చదివాను. చిత్తూరు జిల్లా పల్లెల్లో 45 ఏళ్లు దాటినవాళ్లకు మలపరీక్ష చేసి, పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పట్టుకోవచ్చేమో చూడాలనుకున్నావు. మంచి పనే. ప్రభుత్వం ఊరూరా చేయిస్తున్న క్యాన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికే. పేగు సంగతి అడిగే దిక్కు లేదు. అయితే నీ ప్లాన్‌లో పేజీలకు పేజీలు కిట్ గురించే ఉన్నాయి. పాజిటివ్ వచ్చిన మనిషిని ఏం చేస్తావో మాత్రం ఒక్క లైనులో తేల్చేశావు: "పై ఆసుపత్రికి పంపబడును". నాకు నచ్చనిది ఆ లైనే.

మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టుకుంటే ప్రాణాలు నిలుస్తాయని మొదట గట్టిగా చూపించింది అమెరికాలోని మిన్నెసోటా అధ్యయనం. 46,551 మందిని తీసుకున్నారు, 1993లో ఫలితాలు వేశారు. ఏటా పరీక్ష జరిగిన గుంపులో ఈ క్యాన్సర్ చావులు 33 శాతం తగ్గాయి. ఆ 33 అందరికీ గుర్తుంటుంది. పాజిటివ్ వచ్చినవాళ్లను పిలిపించి కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేశారన్న సంగతి గుర్తుండదు. మలపరీక్ష కార్డు మీద రంగు మారినంత మాత్రాన పేగులో ఉన్న కంతి ఊడి పడదు కదా.

అందుకని పల్లెకు పోకముందే కొలనోస్కోపీ చేసే ఎండోస్కోపీ గదికి పో. వారానికి ఎన్ని స్లాట్లు ఇవ్వగలరో అక్కడి డాక్టర్‌ను అడిగి, రాయించుకో. వారానికి నలుగురికే చేయగలమంటే, పాజిటివ్‌లు ఆ లెక్కలో వచ్చేటట్టే నీ క్యాంపులు పెట్టుకో. పరీక్ష చేసి, "నీకు పాజిటివ్, మూడు నెలలు ఆగు" అంటే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఆ టెన్షన్ పెట్టే హక్కు మనకు లేదు.

మలంలో రక్తం పడుతోందని ముందే చెప్పే మనిషికి కిట్ ఇవ్వకు. స్క్రీనింగ్ ఏ లక్షణమూ లేనివాళ్ల కోసం. లక్షణం ఉన్నవాళ్లకు నేరుగా డాక్టర్ పరీక్ష కావాలి. నువ్వు అడిగితే సగం మంది "వేడి చేసిందమ్మా" అంటారు, మిగతావాళ్లు "మొలలు" అంటారు. బస్టాండ్ గోడల మీద మొలలకు గ్యారంటీ వైద్యం పోస్టర్లు నువ్వూ చూసే ఉంటావు. మన దేశంలో ఈ క్యాన్సర్ పురీషనాళంలోనే, అంటే పెద్దపేగు చివరి భాగంలోనే, ఎక్కువగా కనిపిస్తుంది, అందులో చాలావరకు డాక్టర్ వేలికి అందే దూరంలోనే ఉంటుంది. గ్లవ్స్ వేసుకుని ఒక్క నిమిషం చూడకుండా నెలల తరబడి మందులు రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. వయసు తక్కువని కూడా కొట్టిపారేయకు. ఈ జబ్బుతో మన దగ్గరికి వచ్చేవాళ్లలో నలభై లోపువాళ్లు తక్కువేమీ కాదు.

ఇక కిట్. ఇప్పుడు వాడే ఫిట్ అనే మలపరీక్ష మనిషి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మాత్రమే గుర్తుపడుతుంది కాబట్టి, పాత పరీక్షలకు లాగా మాంసం మానమని చెప్పనక్కర్లేదు. ఆదివారం వేటకూర తిన్నా ఇబ్బంది లేదు. అసలు ఇబ్బంది మన ఎండ. వేడికి శాంపిల్‌లోని హిమోగ్లోబిన్ చెడిపోతుంది. ఇటలీలోనే వేసవిలో పాజిటివ్‌లు తగ్గడం గమనించారు, మన చిత్తూరు వైపు మే నెల ఎండ సంగతి చెప్పాలా? శాంపిళ్లు సంక్రాంతికి అటూ ఇటూ తీసుకో. టీకాలు మోసే ఐస్ బాక్సులు పీహెచ్‌సీలో అడిగితే ఇస్తారు. నీళ్లు తగలకముందే పుల్లతో తీసుకోవాలని, పాత పేపర్ పరుచుకోమని ఇంట్లో ఆడవాళ్లకు చెప్పు. మగవాళ్లకు చెప్తే తలూపి మరిచిపోతారు. నెలసరి రోజుల్లో మాత్రం శాంపిల్ వద్దు.

మనుషులు దొరకాలంటే పాలకేంద్రానికి పో. పొద్దున, సాయంత్రం పాలు పోయడానికి ఊరంతా అక్కడికే వస్తుంది. మామిడికాయల కాలంలో బంగారుపాళ్యం వైపు అసలు పోకు, ఇంటికి తాళమే కనిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువమంది జారిపోయేది కొలనోస్కోపీకి పేగు శుభ్రం చేసుకునే చోట. పొడి కలిపిన నీళ్లు రాత్రి సగం తాగాలి, పరీక్షకు నాలుగైదు గంటల ముందు మిగతా సగం తాగాలి. అలా రెండు విడతల్లో తాగితేనే పేగు బాగా కనిపిస్తుందని అధ్యయనాలు తేల్చాయి. తిరుపతిలో ఉన్నవాళ్లకు సరే. కుప్పం నుంచి గంటల తరబడి బస్సులో వచ్చే మనిషి తెల్లవారుజామున ఆ రెండో సగం తాగి ఎలా ఎక్కుతాడు? ఎక్కడు, పరీక్షకు రాడు. మనం ఫైల్లో "పేషెంట్ ఒప్పుకోలేదు" అని రాస్తాం. దూరం నుంచి వచ్చేవాళ్లకు ముందురోజు సాయంత్రమే ఒక మంచం ఇప్పించు, లేదా ఆసుపత్రి దగ్గర్లో గది చూడు. ఆ ఖర్చు బడ్జెట్‌లో రాయి. కిట్లకు అడిగిన డబ్బులో కొంత తగ్గినా పర్వాలేదు. ముందురోజు సంగటి, ఆకుకూర, ఊరిబిండి వద్దని, తెల్లన్నం, మజ్జిగ తినమని నోటితో చెప్పు, కాగితంలో కూడా రాసివ్వు.

ఇప్పుడు లెక్క సంగతి. నార్వే, స్వీడన్, పోలండ్ కలిసి చేసిన నార్డిక్ అధ్యయనం 2022లో వచ్చింది. 84,585 మంది. కొలనోస్కోపీకి రమ్మని పిలిచిన గుంపులో నిజంగా వచ్చింది 42 శాతమే. వాళ్లు రానివాళ్లను తీసేయలేదు, పిలిచినవాళ్లందరినీ కలిపే చూశారు. పదేళ్లలో క్యాన్సర్ వచ్చే ముప్పు 1.20 శాతం నుంచి 0.98కి దిగింది, అంటే 18 శాతం తగ్గుదల. మరణాల్లో మాత్రం తేల్చి చెప్పగల తేడా రాలేదు. కొలనోస్కోపీ దండగ అని కొన్ని పేపర్లు రాసేశాయి. వచ్చి చేయించుకున్నవాళ్ల వరకు అంచనా వేస్తే తగ్గుదల 31 శాతం దాకా ఉంది. రెండు అంకెలూ నిజమే. పరీక్ష ఎంత మంచిదో 31 చెప్తుంది, ఊరికి పోయి పిలిస్తే ఏమవుతుందో 18 చెప్తుంది. నువ్వు ఊరికి పోయి పిలుస్తున్నావు. అందుకని కిట్ తీసుకుని తిరిగి ఇవ్వనివాళ్లు, పాజిటివ్ వచ్చి రానివాళ్లు, అందరూ నీ పట్టికలో ఉండాలి. ఎందుకు రాలేదో ఒక గడి పెట్టుకో. నన్నడిగితే నీ థీసిస్‌లో పనికొచ్చే గడి అదే.

ఇంకొకటి. చిత్తూరు నుంచి చాలామందికి తిరుపతి కన్నా వేలూరు దగ్గర. నువ్వు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి రాసిస్తే వాళ్లు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతారు. వాళ్లు తప్పిపోయినట్టు కాదు. ఫోన్ చేసి అడుగు, రిపోర్ట్ ఫొటో తీసి పంపమను.

క్యాన్సర్ అని తేలితే ఆ ఇంటివాళ్లు ఫోన్‌లో వార్త చూపిస్తారు: అమెరికాలో ఇంజెక్షన్‌తోనే గడ్డ మాయమైందట. అబద్ధం కాదు. 2022లో న్యూయార్క్‌లో డోస్టార్లిమాబ్ అనే మందు ఇచ్చిన మొదటి 12 మందికీ పురీషనాళంలోని గడ్డ కనపడకుండా పోయింది. కానీ వాళ్ల గడ్డల్లో డీఎన్ఏ తప్పులు దిద్దే ఏర్పాటు చెడిపోయి ఉంది. అలాంటివి పదింట ఒకటి కూడా ఉండవు. కసురుకోకు, బయాప్సీ ముక్కలో ఆ లోపం ఉందేమో పరీక్ష చేశారా అని డాక్టర్‌ను అడగమని చెప్పు. కీమో ఆరు నెలలా, మూడు నెలలా అని కూడా అడగమను. 12,834 మందితో 2018లో వచ్చిన ఐడియా విశ్లేషణ ప్రకారం, పురీషనాళం కాక పెద్దపేగులోని క్యాన్సర్ మూడో దశలో, ముప్పు తక్కువ ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత ఆక్సాలిప్లాటిన్ ఇంజెక్షన్, కాపెసిటబిన్ మాత్రలు కలిపి ఇస్తే మూడు నెలలు సరిపోతుంది. ఆ మందుతో వచ్చే వేళ్ల తిమ్మిర్లు బాగా తగ్గుతాయి. రోజూ ఆవు పాలు పితికే మనిషికి అది చిన్న సంగతి కాదు.

కాగితాల పని ఆలస్యం చేయకు. 2018 ఏప్రిల్ నుంచి ట్రయల్ మొదలయ్యాక నమోదు చేస్తామంటే సీటీఆర్ఐ, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ, ఒప్పుకోదు. మొదటి మనిషి సంతకం కన్నా ముందే అయిపోవాలి. వేలిముద్ర వేసేవాళ్లకు సాక్షిగా ఆశా కార్యకర్తను పెట్టకు. ఆమే పిలుచుకొచ్చి ఆమే సాక్షి అయితే ఎథిక్స్ కమిటీ అడుగుతుంది, అడగాలి కూడా. ఊళ్లో టీచరో, పోస్ట్‌మ్యానో ఎవరైనా సరే, నీ స్టడీతో సంబంధం లేని మనిషి కావాలి.

నగరి వైపు పోయేటట్టయితే ఫారం తమిళంలో కూడా చేయించు. తెలుగుది ముందు నాకు పంపు, మీ పెదనాన్నకు చదివి వినిపిస్తాను. ఆయన ఎక్కడ ఆపి "అంటే?" అని అడుగుతారో అక్కడ గీత గీసి తిప్పి పంపుతాను.

మీ పెద్దమ్మ
తిరుపతి